రెండో స్లాట్‌లో ఎవరి ర్యామ్

జూన్ పదో తేదీ మంగళవారం ఉదయం పదీ నలభైకి, తమిళనాడులోని కోవిల్‌పట్టిలో మహేశ్వరిప్రియ ఇంటి కంప్యూటర్ మూడుసార్లు బీప్ కొట్టి ఆగిపోయింది. స్క్రీన్ మీద ఏమీ రాలేదు.

పదకొండున్నరకు మెకానిక్ వచ్చాడు. పేరు రామచంద్రన్. వయసు ఇరవై తొమ్మిది. బస్టాండు వెనక వీధిలో అతనికి రిపేరు దుకాణం ఉంది.

"రండి అన్నా," అని ప్రియ తమిళంలో పిలిచి పక్కకు జరిగింది. ఆ ఊళ్ళో మెకానిక్ ఎవరైనా సరే, ఆడపిల్లలకు అన్నే. ఆ పిలుపును ఎవరూ పట్టించుకోరు. రామచంద్రన్ కూడా ఆ రోజు పట్టించుకోలేదు.

ముందు గదిలో కిటికీ పక్కన టేబుల్, దాని మీద మానిటర్. టేబుల్ పక్కన నేల మీద పీట, పీట మీద నిలబెట్టిన సీపీయూ పెట్టె. దాని వయసు పధ్నాలుగేళ్ళు.

"కొత్తది కొనుక్కోవచ్చు కదా మేడమ్," అన్నాడు. అతనూ తమిళంలోనే.

"నేను లేబుళ్ళు చేసే సాఫ్ట్‌వేర్ కొత్త వాటిలో ఎక్కదు. ఫాంట్లూ ఎక్కవు. ఎనిమిదేళ్ళ లేబుళ్ళు ఇందులో ఉన్నాయి. అగ్గిపెట్టెలవి, వేరుశనగ మిట్టాయి పొట్లాలవి. పార్టీ వచ్చి 'పోయిన ఏడాది లేబులే, తేదీ ఒకటి మార్చు' అంటాడు. నేనేం చెప్పాలి?"

రామచంద్రన్ కింద కూర్చుని పెట్టెకు చెవి ఆనించి స్విచ్ వేశాడు. ఒకటి, రెండు, మూడు. ఆగింది. మళ్ళీ వేశాడు. ఒకటి, రెండు, మూడు. లెక్కపెడుతున్నప్పుడు అతని పెదవులు కదిలాయి.

"మూడు బీప్‌లంటే మెమరీ," అన్నాడు. "ర్యామ్ కనబడటం లేదు దీనికి."

వంటింటి గడప మీద ప్రియ అమ్మమ్మ సుబ్బమ్మాళ్ మునగాకు దూస్తోంది. ఆమె తలెత్తి అతన్ని చూసి మనవరాలితో తెలుగులో అంది.

"ఏమే పాప, వీడు చూస్తే పదో క్లాసు పిల్లోని మాదిరి ఉండాడు. బాగు చేస్తాడా, ఇంకా చెడగొట్టి పోతాడా?"

స్క్రూడ్రైవర్ ఆగింది.

రామచంద్రన్‌ది దగ్గర్లోని ఏళాయిరంపన్నై ఊరు. అతని ఇంట్లో మాట్లాడేది తెలుగే. గడప దాటితే తమిళం. ఆ చుట్టుపక్కల వందల ఇళ్ళలో ఇదే వరస. ఎదుటివాడిది ఏ ఇంటి భాష అని ఎవరూ అడగరు. తమిళం మాట్లాడినవాడికి తెలుగు రాదనుకుంటారు, అతని ముందే అతని గురించి మాట్లాడుకుంటారు. 'నాకూ తెలుగు వస్తుంది అవ్వా' అని చెప్పడానికి రామచంద్రన్ నోరు తెరిచాడు.

"ఊరుకో అవ్వా," అంది ప్రియ, తెలుగులోనే. "చేతులు చూడు, ఎంత పదిలంగా తీస్తాండాడో."

రామచంద్రన్ నోరు మూసుకున్నాడు.

ఆ రోజు ఆ ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. కానీ ఇంకో మాట వినబడుతుందేమోనన్న ఆశ మనిషిని ఎంత దూరమైనా తీసుకుపోతుంది. అతను రెండు ర్యామ్‌లు తీసి, వాటి అంచులను రబ్బరుతో రుద్ది, స్లాట్లలో దుమ్ము ఊది, తిరిగి బిగించాడు. కంప్యూటర్ లేచింది. ఈలోగా అతను విన్నవి: అతని చెవులు పెద్దవి, చొక్కా కాలర్ చిరిగింది, ఇంట్లో చూసుకునేవాళ్ళు లేనట్టున్నారు. అన్నీ సుబ్బమ్మాళ్ అన్నవే. ప్రియ ఇంకేమీ అనలేదు.

మర్నాడు అతను కొత్త చొక్కా కొన్నాడు.

శుక్రవారం మళ్ళీ ఫోన్ వచ్చింది. ఈసారి తలుపు తీసిన ప్రియ "వచ్చారా" అంది. అన్నా అనలేదు. కోపంగా ఉందనుకున్నాడు. రిపేరు మూడు రోజులకే చెడిపోతే ఎవరికైనా కోపం వస్తుంది.

పెట్టెను దుకాణానికి తీసుకుపోయాడు. బల్ల మీద పక్కకు పడుకోబెట్టి, మూత తీసి, మెమరీ టెస్ట్ పెట్టాడు. పధ్నాలుగు గంటలు నడిచింది. తప్పులు సున్నా. ఒక్కో ర్యామ్‌ను విడిగా ఒక్కో స్లాట్‌లో పెట్టి చూశాడు. సున్నా. సోమవారం తెచ్చి ఇచ్చాడు. గురువారం మధ్యాహ్నం బీప్ వచ్చింది.

"మీ దుకాణంలో బుద్ధిగా ఉంటుంది, మా ఇంట్లో ఉండదు," అంది ప్రియ. "దానికి మీరంటే భయమేమో."

"ఇంట్లో వోల్టేజ్ చూడాలి మేడమ్."

చూశాడు. బాగానే ఉంది. ప్లగ్ మార్చాడు. ఎర్త్ చూశాడు. పవర్ సప్లై తనది తెచ్చి పెట్టాడు. ఒకటి, రెండు, మూడు.

సుబ్బమ్మాళ్ పక్కింటి నుంచి వచ్చి ఇదంతా చూసింది. "మన సెందిల్ అయితే ఈపాటికి పని ముగించి చెయ్యి కడుక్కునుంటాడు," అంది తెలుగులో. "వానికి విరుదునగర్‌లో సొంత అంగడి. ఏసీ ఉండాది."

రామచంద్రన్ దుకాణంలో టేబుల్ ఫ్యాన్ ఉంది.

"అవును అవ్వా," అంది ప్రియ. "మామ కొడుకు మాదిరి మాట్లాడేవాళ్ళు ఎవరుండారు. మనసులో ఉండేది బయటికి చెప్పేస్తాడు. కడుపులో దాచుకుని కూర్చోడు."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె రామచంద్రన్ వైపు చూసింది. అతను మదర్‌బోర్డ్ వైపు చూస్తున్నాడు. సెందిల్ అంటే సెందిల్‌కుమార్. సుబ్బమ్మాళ్ కొడుకు కొడుకు. ప్రియకు మేనమామ కొడుకు, వరసైనవాడు. ఇది తెలియడానికి రామచంద్రన్‌కు ఇంకో అయిదు నిమిషాలు పట్టింది. ఆ అయిదు నిమిషాల్లో అతను ఒకే స్క్రూ నాలుగుసార్లు బిగించాడు.

జూన్ ఇరవై నాలుగు, మంగళవారం. పెట్టె తెరిచేసరికి రెండో స్లాట్‌లో తాను పెట్టని ర్యామ్ ఉంది. దాని మీద నీలం స్టిక్కర్, స్టిక్కర్ మీద విరుదునగర్ దుకాణం పేరు.

"ఇది ఎవరు పెట్టారు?"

"మా మామ కొడుకు. ఆదివారం వచ్చాడు."

"దీని స్పీడ్ వేరు."

"పనిచేసింది కదా."

"ఎంతసేపు?"

"సోమవారం సాయంత్రం దాకా."

"నేను చేసింది మూడు రోజులు పనిచేసింది," అన్నాడు రామచంద్రన్.

అనకుండా ఉండవలసింది. ప్రియ చీరకొంగులా దుపట్టా అంచు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. ఆమె భుజాలు కదిలాయి.

"తీసెయ్యనా?" అన్నాడు.

"ఎందుకు? ఉండనివ్వండి. మిమ్మల్నేమైనా కరిచిందా?"

ఉండనిచ్చాడు. ఆ తర్వాత గంటసేపు ఏ స్క్రూ విప్పినా కళ్ళు నీలం స్టిక్కర్ మీదే పడ్డాయి.

వంటింట్లో సుబ్బమ్మాళ్ గొంతు వినబడింది. "మీ మామ ఫోన్ చేసినాడే. ఆడి నెల పుడితే శుభకార్యాలు చెయ్యరు కదా, అంతకుముందే తాంబూలం మార్చుకోవాలంట. వచ్చే నెల ఆరో తేదీ ఆదివారం వస్తారంట. సెందిల్ నీకు కొత్త ల్యాప్‌టాప్ తెస్తాడంట. ఈ పాత డబ్బాను పాత ఇనుముకు వేసెయ్యమన్నాడు."

"లేబుళ్ళు?"

"విరుదునగర్ పోయినాక లేబుళ్ళు నీకెందుకే?"

ప్రియ గొంతు కొంచెం పెంచి అంది: "నాకు పని ఉండాది, ఇప్పుడే పెళ్ళి వద్దు అని చెప్దామంటే అమ్మ ఒప్పుకోవాల. అమ్మ ఏమంటాది? 'నీ పని నడిచేది ఆ మిషన్ మీద. వారానికి రెండుమార్లు ఆగే మిషన్‌ను చూపించి మా అన్నకు ఏం చెప్పేది' అంటాది. ఇది బాగయితే నేను నోరు తెరుస్తా. బాగుకాకపోతే సరేననేది తప్ప నాకు వేరే దారి లేదు."

రామచంద్రన్ టార్చ్ ఆర్పి కూర్చున్నాడు. లెక్క తేలికగానే ఉంది. కంప్యూటర్ బాగుపడితే అతన్ని ఎవరూ పిలవరు. బాగుపడకపోతే ఆరో తేదీన ల్యాప్‌టాప్ వస్తుంది. మొదటి దారిలో ఆమె కోవిల్‌పట్టిలో ఉంటుంది. అతను మొదటి దారే పట్టాడు.

ఇరవై ఏడో తేదీ ఉదయం అతను సాత్తూరు మీదుగా విరుదునగర్ బస్సెక్కాడు. అంత పాత ర్యామ్ కోవిల్‌పట్టిలో దొరకదు. విరుదునగర్‌లో దొరికే దుకాణాలు రెండు మూడు ఉన్నాయి. వాటిలో ఒకదానికే వెళ్ళాడు.

ఏసీ నిజంగానే ఉంది. సెందిల్‌కుమార్ ఆరడుగుల మనిషి. "రండి సార్, కూర్చోండి," అని తమిళంలో అని ముందు టీ తెప్పించాడు. తర్వాత లోపలి గదిలోంచి రామచంద్రన్ అడిగిన ర్యామ్ తెచ్చాడు. అడిగిన సైజు, అడిగిన స్పీడ్. తన మెషీన్‌లో పెట్టి పనిచేస్తోందని చూపించాడు కూడా.

"ఎవరికి సార్ ఇంత పాతది?"

"ఒక కస్టమర్‌కి."

"ఇంకా వాడుతున్నారా? మా మేనత్త కూతురు కూడా ఇలాగే. వదలదు."

అప్పుడు అతని ఫోన్ మోగింది. ఎదురుగా ఉన్నది తమిళం మాట్లాడే మనిషి కాబట్టి సెందిల్‌కుమార్ పక్కకు కూడా తిరగలేదు.

"చెప్పు నాయనా," అన్నాడు తెలుగులో. "లేదు లేదు, దాన్ని ఎవరూ బాగు చెయ్యలేరు. కోవిల్‌పట్టిలో ఎవడో పిల్లోడు వచ్చి తుడిచి తుడిచి పోతాండాడంట. పాపం, వానికేం తెలుసు. ప్రియనా? ఏమీ చెప్పలే. వద్దనలేదు కదా నాయనా. వద్దనకపోతే సరేననే కదా అర్థం."

ఫోన్ పెట్టేసి, "ప్యాక్ చెయ్యమంటారా?" అన్నాడు.

"ఇది కాదండీ," అన్నాడు రామచంద్రన్. "నాకు కావలసింది వేరే స్పీడ్."

అది సరిగ్గా కావలసిన స్పీడే. సెందిల్‌కుమార్ టీ డబ్బులు తీసుకోలేదు. గుమ్మం దాకా వచ్చి బస్టాండుకు దగ్గర దారి చూపించాడు.

తిరుగు బస్సులో రామచంద్రన్ అతనిలో ఒక తప్పు వెతికాడు. సాత్తూరు దాకా వెతికాడు. దొరకలేదు. 'పిల్లోడు' అన్న మాట ఒకటి మిగిలింది. అదీ అవ్వ నేర్పిందే. సాత్తూరులో మదురైకి ఫోన్ చేసి అక్కడి దుకాణంలో అదే ర్యామ్ కొరియర్‌లో పంపమన్నాడు.

జూలై మూడు, గురువారం. ఉదయం పదిన్నరకు మదురై ర్యామ్‌తో అతను ప్రియ ఇంటికి వచ్చాడు. ఆని నెల గాలి కయత్తారు వైపు నుంచి ఒకటే కొడుతోంది. టేబుల్ మీద ఆరబెట్టిన లేబుల్ ప్రూఫ్‌లు ఎగిరాయి. ఇద్దరూ వంగారు. ఒకే కాగితం రెండు కొసలూ ఇద్దరి చేతుల్లోకి వచ్చాయి. అగ్గిపెట్టె లేబుల్. ఎర్ర నేల మీద నెమలి.

"చిరుగుతుంది," అంది ప్రియ.

"మీరు వదలండి."

"నాది కదా, నేనెందుకు వదలాలి?"

అతనే వదిలాడు.

మదురై ర్యామ్ మొదటి స్లాట్‌లో పెట్టాడు. కంప్యూటర్ లేచింది. ఇరవై నిమిషాలకు స్క్రీన్ నీలంగా మారి ఆగింది. మళ్ళీ వేస్తే, ఒకటి, రెండు, మూడు. రెండో స్లాట్. ఒకటి, రెండు, మూడు. పాత ర్యామ్, నీలం స్టిక్కర్ ర్యామ్, మదురై ర్యామ్. ఒక్కొక్కటిగా, జతలుగా, అటూ ఇటూ మార్చి. పన్నెండున్నర అయింది. చొక్కా తడిసింది. ఈ చొక్కా కూడా కొత్తదే.

ప్రియ లేచి వంటింటి గడప దగ్గర అవ్వ పక్కన కూర్చుంది.

"ఈ దినం సాయంత్రం అమ్మతో సరేనని చెప్పేస్తా అవ్వా," అంది తెలుగులో. "ఆదివారానికి ఇంకా మూడు దినాలే ఉండాయి. మిషన్ బాగుకాలే. ఎవరూ ఏమీ చెప్పలే. నేను మాత్రం ఎంత దినం చూసేది?"

సుబ్బమ్మాళ్ మనవరాలి మొహం చూసింది. ఆమెకు నవ్వించాలనిపించినట్టుంది. గడ్డంతో సీపీయూ పెట్టెను చూపించి అంది:

"దాని తప్పేముందే. పధ్నాలుగేండ్లుగా నిలబడే ఉండాది. నాకు రెండు గంటలు నిలబడితే నడుం పట్టేస్తాది. దాన్ని కొంచెంసేపు పడుకోబెట్టమను, అంతా సరి అయిపోతాది."

రామచంద్రన్ చెయ్యి గాలిలో ఆగింది.

దుకాణంలో బల్ల. పక్కకు పడుకోబెట్టిన పెట్టె. పధ్నాలుగు గంటలు, తప్పులు సున్నా. సెందిల్‌కుమార్ టెస్ట్ చేసిన మెషీన్ కూడా బల్ల మీద పడుకునే ఉంది. ఇంట్లో మాత్రం ఇది ఎప్పుడూ పీట మీద నిలబడే ఉంటుంది.

అతను రెండు చేతులతో పెట్టెను ఎత్తి నేల మీద పక్కకు పడుకోబెట్టాడు. స్విచ్ వేశాడు. బీప్ రాలేదు. స్క్రీన్ వెలిగింది. అయిదు నిమిషాలు ఆగి, ఆపి, నిలబెట్టాడు. ఒకటి, రెండు, మూడు. పడుకోబెట్టాడు. లేచింది. నిలబెట్టాడు. ఒకటి, రెండు, మూడు. పడుకోబెట్టాడు. లేచింది.

ప్రాసెసర్ మీద దాన్ని చల్లబరిచే కూలర్ కంపెనీది కాదు. పాత ఫ్యాన్ పోతే రెండేళ్ళ కింద ఎవరో దానికి మించిన బరువుది బిగించారు. పెట్టె నిలబడితే ఆ బరువు బోర్డును కిందికి లాగుతోంది. బోర్డు వెంట్రుకవాసి వంగుతోంది. పక్కనే ఉన్న స్లాట్లలో ర్యామ్ పట్టు తప్పుతోంది. ర్యామ్‌లలో దేనికీ ఏ లోపం లేదు.

"దొరికింది," అని రామచంద్రన్ తలెత్తాడు.

గడప మీద ఇద్దరూ అతన్నే చూస్తున్నారు. సుబ్బమ్మాళ్ చేతిలో వంకాయ ఉంది. సగం కోసి ఉంది.

"ఏమే పాప," అంది ఆమె మెల్లగా. "నేను తెలుగులో కదా చెప్పింది?"

కంప్యూటర్ ఫ్యాన్ శబ్దం వినబడుతోంది.

"అవును అవ్వా," అన్నాడు రామచంద్రన్. అది ఆ ఇంట్లో అతని మొదటి తెలుగు మాట.

"పదో క్లాసు పిల్లోడని అన్నాను..."

"విన్నా అవ్వా."

"చెవులు..."

"అదీ విన్నా."

"కాలర్ చినిగిందని..."

"దానికే కదా ఈ చొక్కా."

సుబ్బమ్మాళ్ వంకాయ కింద పెట్టి లేచింది. "టీ పెడతా," అని లోపలికి పోయింది. వంటింట్లో చాలాసేపు ఏ గిన్నె శబ్దమూ రాలేదు.

ప్రియ మాత్రం గడప మీదే ఉంది. ఆమె మొహంలో ఆశ్చర్యం లేదు. రామచంద్రన్‌కు అది ఆలస్యంగా కనబడింది.

"ఇరవై మూడు దినాలు," అంది ఆమె తెలుగులో.

"మీకు... తెలుసా?"

"మొదటి దినమే."

"ఎట్ల?"

"పెట్టెకు చెవి పెట్టి బీప్ లెక్కపెట్టినారు కదా. ఒకటి, రెండు, మూడు అని. మనిషి వీధిలో ఏ భాష మాట్లాడినా లెక్క మాత్రం ఇంటి భాషలోనే పెడతాడు. మా నాయన ఇరవై ఏండ్లుగా ఫ్యాక్టరీలో ఉండాడు, ఇప్పుడు కూడా అగ్గిపెట్టెల కట్టలు తెలుగులోనే లెక్కపెడతాడు."

రామచంద్రన్ స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. "అందుకేనా రెండో దినం నుంచి అన్నా అనేది మానేసినారు?"

"అది ఇప్పుడు తోచిందా మీకు?"

"కోపమనుకున్నా."

"కోపమే. తెలుగు తెలిసి మాట్లాడని మనిషి మీద కోపం రాదా?"

"మరి సెందిల్ గురించి అంత గొప్పగా చెప్పినారు కదా."

"మీకు వినబడాలనే చెప్పినా. మనసులో ఉండేది బయటికి చెప్పేస్తాడు అన్నప్పుడు మిమ్మల్నే చూసినా. మీరు బోర్డు చూస్తాండారు."

"నేను విరుదునగర్ పోయినా."

"ఎందుకు?"

"ర్యామ్ కొనేదానికి."

"కొన్నారా?"

"లేదు."

"దొరకలేదా?"

"దొరికింది. నేను పోయింది దానికి కాదు. ఆయన్ను చూసేదానికి."

ప్రియ మోకాళ్ళ మీద గడ్డం ఆనించింది. "చూసి?"

"మంచి మనిషి. టీ ఇప్పించినాడు."

"మంచివాడే. మా మామ కొడుకు కదా."

"అదే నాకు పడలేదు," అన్నాడు రామచంద్రన్. "ఒక్క తప్పు దొరికినా బాగుండేది. నువ్వు ఈ సాయంత్రం మీ అమ్మతో సరేనని చెప్పద్దు. మిషన్ బాగయింది. దానికోసం ఒకటే కాదు. నాకోసం కూడా చెప్పద్దు."

మీరు పోయి నువ్వు వచ్చింది. అతను గమనించలేదు. ఆమె గమనించింది.

"ఈ మాటకు ఇరవై మూడు దినాలా?" అంది.

వంటింట్లోంచి సుబ్బమ్మాళ్ గొంతు వచ్చింది. "రేయ్ అబ్బాయ్. మీ ఇంటిపేరేంది?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఊరు మారినా, వీధి భాష మారినా, ఆ ఇళ్ళలో ఇంటిపేరు మారదు. ఒకే ఇంటిపేరయితే అన్నాచెల్లెళ్ళ కింద లెక్క. ఆ తర్వాత ఎవరు ఎంత చెప్పినా ప్రయోజనం ఉండదు. ఇరవై మూడు రోజుల్లో ఈ సంగతి ఇద్దరిలో ఎవరికీ గుర్తు రాలేదు.

"గాదెలవాళ్ళం అవ్వా," అన్నాడు రామచంద్రన్.

ప్రియ గడప చెక్కను పట్టుకుంది.

"ఏళాయిరంపన్నై గాదెలవాళ్ళా?"

"అవును అవ్వా."

"పాప వాళ్ళ నాయన పసుపులవాళ్ళు," అంది సుబ్బమ్మాళ్. "సరి. వేరే వేరే."

టీ గ్లాసులు పళ్ళెంలో మోగాయి.

టీ తాగాక అతను పెట్టెను మూశాడు. నేల మీద పరిచి ఉన్న ర్యామ్‌లను ప్రియ ఒక్కొక్కటే అందించింది, అతను అందుకుని రెండు స్లాట్లలో పెట్టి, మిగిలినదాన్ని జేబులో వేసుకున్నాడు. ఏది ఏదో చూసుకోలేదు. ఇంటికి పోయాక గుర్తొచ్చింది. మదురై ర్యామ్ అతని జేబులోనే ఉంది. రెండో స్లాట్‌లోకి పోయింది నీలం స్టిక్కర్‌ది.

ఆ సాయంత్రం ఆరుంపావుకు ప్రియ తల్లి జోతిలక్ష్మి, తండ్రి పొన్నుసామి ఫ్యాక్టరీ నుంచి వచ్చారు. నేల మీద పడుకోబెట్టిన కంప్యూటర్‌లో నెమలి లేబుల్ తెరిచి పెట్టి ప్రియ తల్లికి అంతా చెప్పింది. జోతిలక్ష్మి లేబుల్ చూసింది. కూతుర్ని చూసింది. తన తల్లిని చూసింది.

"మా అన్నకు నేను చెప్పలేను," అంది. "నువ్వే చెప్పుకో."

జూలై ఆరు, ఆదివారం. విరుదునగర్ నుంచి మామ, అత్త, సెందిల్‌కుమార్ పదకొండుకు వచ్చారు. ల్యాప్‌టాప్ అట్టపెట్టె సెందిల్‌కుమార్ చేతిలో ఉంది. ప్రియ మామ కాళ్ళకు దండం పెట్టి, లేచి, నిలబడి చెప్పింది. మొత్తం నాలుగు మాటలు. భోజనంలో మామ సాంబారు రెండోసారి వేయించుకోలేదు.

సెందిల్‌కుమార్ చేతులు కడుక్కుని వచ్చి కంప్యూటర్ ముందు గొంతుక్కూర్చున్నాడు. పెట్టెను ఒకసారి నిలబెట్టి విన్నాడు. పడుకోబెట్టి విన్నాడు.

"వద్దని నాకు ముందే చెప్పుంటే ఏం పోయేది ప్రియా?" అన్నాడు.

"నువ్వు నన్ను అడిగుంటే చెప్పేదాన్ని బావా. మీ నాయన మా అమ్మను అడిగినాడు. నువ్వు మీ నాయన్ను అడిగినావు."

సెందిల్‌కుమార్ పెట్టె మీద చెయ్యి వేసి అడిగాడు. "అవ్వా, నేను మూడుమార్లు తెరిచి చూసినా. పడుకోబెట్టాలని తోచలే. ఎవరు కనిపెట్టింది?"

"నేనే," అంది సుబ్బమ్మాళ్.

ల్యాప్‌టాప్ నాలుగూ పదికి వచ్చిన బస్సులో విరుదునగర్‌కు తిరిగి వెళ్ళింది.

పదమూడో తేదీ ఆదివారం, ఆడి నెలకు నాలుగు రోజుల ముందు, రామచంద్రన్ తల్లిదండ్రులు ఏళాయిరంపన్నై నుంచి వచ్చారు. తాంబూలం మార్చుకున్నారు. పెళ్ళి ఆడి తర్వాత వచ్చే ఆవణి నెలాఖరుకు.

పెళ్ళి పత్రిక ప్రియే ఆ కంప్యూటర్‌లో కూర్చింది. మాటలన్నీ తెలుగులో అనుకున్నారు, పత్రిక తమిళంలో కూర్చారు. వాళ్ళలో ఎవరికీ తెలుగు చదవడం రాదు. పని మొదలుపెట్టే ముందు ఆగస్టు ఒకటో తేదీన రామచంద్రన్ స్క్రూడ్రైవర్‌తో వచ్చి పెట్టె మూత తీశాడు.

"బాగానే పనిచేస్తాంది కదా," అంది ప్రియ.

"పనిచేస్తాంది."

"ఒక్క మారు కూడా ఆగలే."

"ఆగలే."

"మరి?"

"రెండో దాని స్పీడ్ వేరు," అన్నాడు.

ప్రియ టార్చ్ పట్టుకుంది. అతను నీలం స్టిక్కర్ ర్యామ్ తీసి మదురై ర్యామ్ పెట్టాడు. మెమరీ టెస్ట్ పధ్నాలుగు గంటలు నడిచింది. తప్పులు సున్నా.

మేనమామకు పత్రిక పోస్టులో పంపరు. పన్నెండో తేదీ మంగళవారం జోతిలక్ష్మి, పొన్నుసామి ఫ్యాక్టరీకి సెలవు పెట్టి, పళ్ళెంలో తాంబూలం, పత్రిక పెట్టుకుని విరుదునగర్ వెళ్ళారు. మామ పత్రిక అందుకుని కళ్ళకద్దుకున్నాడు. సెందిల్‌కుమార్‌కు ఇమ్మని రామచంద్రన్ పంపిన కవరు ఒకటి పొన్నుసామి జేబులో ఉంది. అందులో ర్యామ్ ఉంది. ఉత్తరం లేదు. స్పీడ్ వేరంట అని పొన్నుసామి నోటితో చెప్పాడు.

సాయంత్రం ఏడూ ఇరవైకి రామచంద్రన్ ఫోన్‌కు సెందిల్‌కుమార్ నుంచి మెసేజ్ వచ్చింది.

"ర్యామ్ అందింది. టెస్ట్ చేశాను. దీని స్పీడ్, ప్రియ మిషన్‌లో మొదటి స్లాట్‌లో దాని స్పీడ్ ఒకటే."